ఇంగ్లీషు చదువులో చెవికి చోటెక్కడ?

"కన్యాశుల్కం" చదివినవారికి అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో జరిగే ఇంగ్లీషు సంభాషణ గుర్తుండే వుంటుంది. చదువుకుంటున్న కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని తల్లి వెంకమ్మ ముచ్చటపడుతుంది. గిరీశమూ వెంకటేశమూ బడిపుస్తకాల్లోని పాటల ముక్కలూ పద్యాల తునకలూ ఒకరి తరవాత ఒకరు వల్లిస్తారు. తల్లి మురిసిపోతుంది. పాఠకుడు నవ్వుకుంటాడు.

ఆ నవ్వులో గురజాడ ఇమిడ్చిన విమర్శ మామూలుది కాదు. ఆ ఇద్దరూ నోటితో శబ్దాలు చేస్తున్నారు గాని ఒకరితో ఒకరు మాట్లాడుకోవటం లేదు. ఒకరన్నది రెండోవారు వినవలసిన పని లేదు. వినకపోయినా వచ్చే నష్టం లేదు. వినవలసిన అవసరం లేనిచోట సంభాషణ వుండదు, ప్రదర్శన మాత్రమే వుంటుంది. ఆ ప్రదర్శన కూడా ఎవరి కోసం? ఇంగ్లీషు రానివాళ్ళ కోసం.

ఇప్పుడు మనం చదువుతున్న రూపంలో ఆ నాటకం 1909లో వెలువడింది. నూరేళ్ళు దాటిపోయాయి. ఇంగ్లీషు నేర్చుకోవటమంటే ఇంగ్లీషు వల్లించటమేననే అభిప్రాయం మాత్రం మన బడుల్లోనూ కాలేజీల్లోనూ, వీధివీధినా వెలిసిన స్పోకెన్ ఇంగ్లీషు కేంద్రాల్లోనూ చెక్కుచెదరలేదు. పది పన్నెండేళ్ళు ఇంగ్లీషు చదివిన విద్యార్థి నాలుగు మాటలు మాట్లాడలేకపోతే లోపం అతని నోట్లో వుందని అందరూ అనుకుంటారు. నోటికంటే ముందు చెవిని గురించి ఆలోచించాలనీ, చెవికి పని కల్పించని చదువు నోటిని విప్పలేదనీ చూపటం ఈ వ్యాసం ఉద్దేశం.

రాత కోసం వచ్చిన భాష

మన దేశంలో ఇంగ్లీషు చదువు చెవిని ఎందుకు విస్మరించిందో తెలియాలంటే అది ఏ పని కోసం వచ్చిందో చూడాలి. 1835లో మెకాలే నివేదిక, 1854లో ఉడ్ తాఖీదు, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం – ఈ క్రమంలో స్థిరపడ్డ చదువుకు పరీక్షే గమ్యం, కచేరీ ఉద్యోగమే ఫలం. గుమాస్తాకు కావలసింది తప్పుల్లేని నకలు, నమూనా ప్రకారం అర్జీ, సక్రమమైన రిజిస్టరు. దొర ఆజ్ఞను అందుకోవాలి గాని దొరతో చర్చకు దిగవలసిన అవసరం అతనికి లేదు. కనుక వ్యాకరణ సూత్రమూ అనువాదమూ వ్యాసరచనా కలిసి ఇంగ్లీషు చదువయ్యాయి. కొత్త చదువు పాత వల్లెవేతను తోసిపుచ్చలేదు. దాన్నే తన అవసరానికి వాడుకుంది.

బోధనను శాస్త్రీయంగా పరిశీలించినవారు కూడా చాలాకాలం చదవటానికే పెద్దపీట వేశారు. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్, 1926లో బెంగాలు అనుభవం ఆధారంగా, మన దేశపు పిల్లలకు మాట్లాడటంకంటే చదివి అర్థం చేసుకోవటమే తేలిక, అదే ఎక్కువ అక్కర అని వాదించాడు. మధ్యలో బడి మానేసే పిల్లవాడి చేతిలో ఎంతో కొంత మిగలాలన్నది ఆయన ఆలోచన. ఆనాటి పరిస్థితుల్లో ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. కాని ఇవాళ ఇంగ్లీషు రాకపోవటంవల్ల నష్టపోతున్నవాడు నష్టపోయేది ఎక్కడ? ఉద్యోగానికి జరిగే ఇంటర్వ్యూలో, టెలిఫోనులో అవతలివాడు గబగబా అన్నమాట అందనిచోట, పై కోర్టులో తన కేసే నడుస్తున్నా ఒక్క ముక్క అర్థంకాక నిలబడ్డచోట. ఆ చోట్ల పుస్తకం చేతిలో వుండదు.

ఒక ఇన్‌స్పెక్టరు వేసిన ప్రశ్న

భాషను చెవితో నేర్పాలన్న ఆలోచన మన సాహిత్య చరిత్రకు కొత్త కాదు. పైగా మన ఆధునిక వచనానికి ఆ ఆలోచనతో రక్తసంబంధం వుంది. ఈ సంగతి సాహిత్య విద్యార్థులు తప్పక గుర్తుంచుకోవాలి.

పందొమ్మిదో శతాబ్దం చివర ఐరోపాలో భాషాబోధనపై పెద్ద తిరుగుబాటు లేచింది. 1882లో జర్మనీలో విల్‌హెల్మ్ ఫియెటోర్ వ్యాకరణం బట్టీపట్టించే పద్ధతిని ఖండిస్తూ కరపత్రం వెలువరించాడు. 1886లో పారిస్‌లో పాల్ పాసీ నాయకత్వాన ధ్వనిశాస్త్రజ్ఞుల సంఘం ఏర్పడింది. 1899లో హెన్రీ స్వీట్, 1904లో ఆటో జెస్పర్సన్ భాషలను నేర్చుకునే, నేర్పే విధానం మీద గ్రంథాలు ప్రకటించారు. వీరందరి సారాంశం ఒకటే: భాష అంటే ముందు మాట, రాత దాని నీడ. విద్యార్థి చెవికి సజీవమైన భాష తగలాలి.

ఈ గాలి మన ఉత్తర సర్కారులకు కూడా వీచింది. 1907 ప్రాంతంలో అక్కడ పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వున్న జె. ఎ. యేట్స్ అనే ఇంగ్లీషువాడు, జనం మాట్లాడే తెలుగుకూ పిల్లలకు పుస్తకాల్లో నేర్పే తెలుగుకూ ఇంత తేడా ఎందుకుందని అడిగాడు. గిడుగునూ గురజాడనూ అడగమని విశాఖపట్నంలో కాలేజీ ప్రిన్సిపాలుగా వున్న పి. టి. శ్రీనివాస అయ్యంగారు సలహా చెప్పారు. స్వీట్, జెస్పర్సన్‌ల రచనలు చదివిన గిడుగు రామమూర్తికి ఆ ప్రశ్నలోని లోతు అందింది. అక్కడ నుంచి వ్యావహారిక భాషోద్యమం ఎట్లా నడిచిందో, 1913లో గిడుగు విజ్ఞాపన, 1914లో గురజాడ అసమ్మతి పత్రం ఏం సాధించాయో మనందరికీ తెలిసిందే.

గిడుగు ఈ సిద్ధాంతాన్ని పుస్తకాల్లో చదివి వూరుకున్నవాడు కాదు. లిపి లేని సవర భాషను సవరల నోటినుంచి విని నేర్చుకున్నాడు. ఆ భాషకు 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించాడు. ఆ అడవుల్లో తిరిగినప్పుడు సోకిన మలేరియాకు వాడిన క్వినైనువల్ల ఆయనకు చెముడు వచ్చింది. అది జీవితాంతం వదలలేదు. చెవిని నమ్మి భాష నేర్చినవాడు ఆ చెవులనే ఆ భాషకోసం పోగొట్టుకున్నాడు.

ఇక్కడ ఒక వైరుధ్యం వుంది. భాషాబోధనను గురించి పుట్టిన ఈ వాదం తెలుగు రచనను మార్చివేసింది, గ్రాంథికపు గోడను కూల్చింది. ఇంగ్లీషు తరగతి గదిలో మాత్రం అడుగుపెట్టలేకపోయింది. మన ఇంగ్లీషు ఇంకా గ్రాంథికమే. రాసింది చదవటం, చదివింది అప్పగించటం – ఇదీ దాని పద్ధతి.

అక్షరం చేసే మోసం

తెలుగు పిల్లవాడికి మన లిపి ఒక అలవాటు నేర్పుతుంది: ఎట్లా రాశామో అట్లా పలకాలి. తెలుగుకు సంబంధించినంతవరకు ఇది చాలావరకు పనిచేస్తుంది. ఇంగ్లీషుకు వచ్చేసరికి ఆ నమ్మకమే అతన్ని ముంచుతుంది. కత్తికి ఇంగ్లీషు మాట రాసేటప్పుడు మొదట 'కె' అనే అక్షరం వుంటుంది, పలికేటప్పుడు వుండదు. నడకకు ఇంగ్లీషు మాటలో 'ఎల్' రాస్తారు, పలకరు. అదే మాటకు భూతకాలం చివర 'డి' రాస్తారు, వినబడేది 'ట్'. కంటితో నేర్చుకున్నవాడు వీటన్నిటినీ పలుకుతాడు. అంతకంటే పెద్ద చిక్కు: ఎదుటివాడు సరిగా పలికితే ఆ మాట తనకు తెలిసినదేనని గుర్తుపట్టలేడు.

మన భాష అలవాట్లు మరికొన్ని చిక్కులు తెస్తాయి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. అందుకే బస్సు, కప్పు, లైటు అంటాం. ఆ మాటలు తెలుగైపోయాయి కనుక తెలుగులో అదే సరైన రూపం. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఆ చివరి ఉకారం అడ్డువస్తుంది. బనీనుకు ఇంగ్లీషువాళ్ళ మాటనూ పడమర దిక్కు పేరునూ మనం ఒకే వకారంతో పలుకుతాం; వాళ్ళకు అవి రెండు వేరు ధ్వనులు. మాట మొదట వచ్చే 'ప' ధ్వనిని వాళ్ళు కొంచెం ఊపిరి కలిపి పలుకుతారు. ఊపిరి లేని మన 'పిన్' ఒక్కోసారి వాళ్ళ చెవికి 'బిన్'లా తోస్తుంది.

కాని తెలుగువాడి నోరు ఇంగ్లీషుకు పనికిరాదనుకోవటం పొరపాటు. 'మేక', 'మేకు' అని పలికి చూడండి. రాతలో అచ్చు ఒకటే. పలికేటప్పుడు మేకలోని అచ్చుకు నోరు ఎక్కువ తెరుచుకుంటుంది. బ్యాంకు, క్యాట్ వంటి మాటల్లో కావలసిన ఇంగ్లీషు అచ్చుకు అది దగ్గరి చుట్టం. దానికి మన లిపిలో అక్షరం లేదు గాని మన నోట్లో ధ్వని వుంది. ఈ సంగతి తెలిసిన ఉపాధ్యాయుడు మేకను చూపి ఇంగ్లీషు నేర్పగలడు. మాతృభాషను తరగతినుంచి వెళ్ళగొట్టినవాడికి ఆ అవకాశం లేదు.

ధ్వనులకంటే ముఖ్యమైంది ఊనిక. తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు సమానమైన బలంతో నడుస్తాయి. ఇంగ్లీషులో ఒక మాటలో ఒక అక్షరం మీద బరువు పడి మిగిలినవి నలిగిపోతాయి. 'ఫోటోగ్రాఫ్' అన్నప్పుడు బరువు మొదటి భాగం మీద, 'ఫొటోగ్రఫర్' అన్నప్పుడు రెండోదాని మీద, 'ఫోటోగ్రాఫిక్' అన్నప్పుడు మూడోదాని మీద పడుతుంది. హైదరాబాదులోని ఇంగ్లీషు సంస్థలో పనిచేసిన ఆర్. కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందో పరిశీలించి 1969లో గ్రంథం ప్రకటించాడు. ఊనిక తప్పటం అర్థంకాకపోవటానికి ముఖ్యకారణాల్లో ఒకటని అందులో తేలింది. (1958లో ఏర్పడిన ఆ సంస్థే 2007 నుంచి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం.)

వాక్యంలో కూడా ఇదే సూత్రం. 'ఐ కెన్ కమ్' అనే వాక్యంలో 'కెన్' దాదాపు 'క్‌న్' అయిపోతుంది. రాలేనని చెప్పేటప్పుడు 'కాంట్' మీద బరువు పడుతుంది. ఇది చెవికి అలవాటు లేని విద్యార్థి వస్తానన్నవాడు రానన్నాడని అనుకోవచ్చు. తెలుగులో 'వెళ్ళవలసి వుంటుంది' అని పుస్తకంలో నేర్చుకున్న పరాయివాడికి 'వెళ్ళాల్సుంటుంది' అన్నమాట అందకపోవటం వంటిదే ఇది.

ఇంగ్లీషు సాహిత్యం చదివే విద్యార్థులకు ఇది ఇంకా దగ్గరి విషయం. మన ఛందస్సు లఘుగురువుల లెక్క మీద నడుస్తుంది. ఇంగ్లీషు పద్యం ఊనికల మీద నడుస్తుంది. చెవికి ఊనిక తెలియకుండా కాగితం మీద గీతలు గీసి పాదాలు విడదీసే విద్యార్థి, నాడి చూడకుండా వైద్యం చేసేవాడి వంటివాడు.

అయితే మనం లండను యాసను అనుకరించాలా? అక్కర్లేదు. తెలుగువాడు తెలుగువాడిలా ఇంగ్లీషు మాట్లాడటంలో అవమానం లేదు. చెప్పింది ఎదుటివాడికి అర్థం కావాలి, ఎదుటివాడు చెప్పింది మనకు అర్థం కావాలి. యాసను చూసి మనిషి విలువ కట్టటం గ్రాంథికవాదులు పల్లెవాళ్ళ తెలుగును చూసి నవ్వటం వంటిదే.

వినటం ఎట్లా నేర్పాలి?

వినటం సోమరి పని అని చాలామంది అభిప్రాయం. నిజానికి వినేవాడు మాట్లాడేవాడికంటే తక్కువ పనేమీ చెయ్యడు. వచ్చే శబ్దాల ప్రవాహాన్ని మాటలుగా విడదీస్తాడు. ముందన్నదాన్ని మనసులో నిలుపుకుంటాడు. తరవాత వచ్చేదాన్ని ఊహిస్తాడు. తప్పిపోయినదాన్ని సందర్భంతో పూరించుకుంటాడు. ఈ నాలుగింటికీ అభ్యాసం కావాలి.

దీనికి ఖరీదైన యంత్రాలు తప్పనిసరి కావు. ఉపాధ్యాయుడి గొంతు చాలు. వినబోయే ముందు ఏం కోసం వినాలో చెప్పటం మొదటి నియమం. "ఇప్పుడు ఒక కథ చెబుతాను, అందులో ఎంతమంది మనుషులున్నారో చెప్పండి" అంటే చెవి మేలుకుంటుంది. రెండోసారి చెప్పినప్పుడు ఎవరు ఎక్కడికి పోయారో కనిపెట్టమనాలి. మూడోసారి ఎందుకో అడగాలి. చిన్నపిల్లలైతే విని బొమ్మ గీయవచ్చు, విని లేచి నిలబడవచ్చు, విని వస్తువు తీసి చూపవచ్చు. జవాబు తెలుగులో వచ్చినా పరవాలేదు; అర్థమయిందనటానికి అది రుజువు.

పాతకాలపు డిక్టేషను కూడా కొత్తగా పనికొస్తుంది. మాట మాటకూ ఆగి చెప్పి రాయించటం వేరు. మామూలు వేగంతో మూడు నాలుగు వాక్యాలు రెండుసార్లు చెప్పి, విన్నది గుర్తుపెట్టుకొని ఇద్దరిద్దరు కలిసి తిరిగి కూర్చమనటం వేరు. మొదటిదానిలో చెయ్యి పనిచేస్తుంది. రెండోదానిలో చెవీ బుర్రా పనిచేస్తాయి.

వింటున్న పిల్లవాడు వెంటనే మాట్లాడకపోతే కంగారుపడనక్కరలేదు. ఇంట్లో పసిబిడ్డ ఏడాదిపాటు విన్న తరవాతగదా మొదటి మాట అంటుంది! ఆ మౌనాన్ని భాష రాకపోవటంగా లెక్కవేసి బెత్తం చూపితే అది నిజంగానే మౌనమై గడ్డకడుతుంది.

మాట్లాడటానికి కారణం కావాలి

ఉపాధ్యాయుడు చేతిలో పెన్ను పట్టుకొని అదేమిటని ఇంగ్లీషులో అడుగుతాడు. తరగతి అంతా ఒక్క గొంతుతో పెన్ను అంటుంది. అడిగినవాడికి జవాబు తెలుసు, చెప్పినవాళ్ళకు అతనికి తెలుసునని తెలుసు. ఇది మాట్లాడటం కాదు. ఒకడికి తెలిసింది ఇంకొకడికి తెలియనప్పుడు, తెలుసుకోవలసిన అవసరం పడినప్పుడు మాట పుడుతుంది.

కనుక తెలియనితనాన్ని తరగతిలో కావాలనే సృష్టించాలి. ఒక బస్సుల పట్టికను రెండు కాగితాల మీద సగం సగం రాసి ఇద్దరికి ఇవ్వండి. ఒకరి కాగితం ఇంకొకరు చూడకూడదు. అడిగి తెలుసుకొని ఇద్దరూ పట్టిక పూర్తిచెయ్యాలి. ఇక్కడ వినకుండా మాట్లాడటం సాధ్యం కాదు, మాట్లాడకుండా పని జరగదు.

ఈ దారిలో మన దక్షిణాదిలోనే ఒక పెద్ద ప్రయోగం జరిగింది. 1979 నుంచి 1984 వరకు ఎన్. ఎస్. ప్రభు ఆధ్వర్యంలో బెంగుళూరు, మద్రాసు ప్రాంతాల్లో కొన్ని మామూలు బడుల్లో, వ్యాకరణ పాఠాల వరుసను పక్కనపెట్టి పిల్లలకు పనులు ఇచ్చారు. రైలు వేళల పట్టిక చూసి ప్రయాణం నిర్ణయించటం, పటం చూసి దారి చెప్పటం వంటివి. మనసు అర్థం మీద లగ్నమైతే వ్యాకరణం లోలోపల ఏర్పడుతుందని ఆయన ప్రతిపాదన. 1987లో ఆ అనుభవాన్ని గ్రంథస్థం చేశాడు. ఆ పద్ధతి మీద ప్రపంచమంతటా చర్చ జరిగింది. మన తరగతి గదుల్లో మాత్రం దాని ఊసు తక్కువ.

ప్రభు పిల్లలను జట్లుగా విడదీసి మాట్లాడించటానికి ఇష్టపడలేదు. ఒకరి తప్పులు ఒకరికి అంటుకుంటాయని ఆయన సందేహం. ఆ సందేహం కొట్టిపారేయదగ్గది కాదు. కాని లెక్క వేసి చూడండి: నలభై అయిదు నిమిషాల పీరియడు, నలభై అయిదుగురు పిల్లలు. ఉపాధ్యాయుడు నోరు విప్పకపోయినా ఒక్కొక్కరికి వచ్చేది ఒక్క నిమిషం. ఇద్దరిద్దరు చొప్పున పది నిమిషాలు మాట్లాడితే ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు దక్కుతాయి. ముందు ఉపాధ్యాయుడి నోట మంచి ఇంగ్లీషు బాగా విని, తరవాత జంటలుగా మాట్లాడితే రెండు ప్రయోజనాలూ నెరవేరతాయి. తప్పులను మాటమధ్యలో పట్టుకోవటం మాని, నలుగురికీ వచ్చినవాటిని చివర నల్లబల్ల మీద రాసి చర్చించటం మేలు.

భయం ఎక్కడ పుడుతుంది?

ఇంతవరకు చెప్పింది పద్ధతి గురించి. పద్ధతి ఒక్కటే సమస్యను పరిష్కరించదు. ఇంట్లో, వీధిలో ఇంగ్లీషు వినే అవకాశం వున్న కుటుంబాలు కొన్నే. ఆ పిల్లలకు చెవి ఊరికే తయారవుతుంది. కూలివాడి బిడ్డకు తరగతి గది ఒక్కటే ఆ అవకాశం. అక్కడ చెవిని పట్టించుకోకపోతే నష్టపోయేది ఆ బిడ్డే. ఆ బిడ్డ నోరు తెరిచినప్పుడు నవ్వే నవ్వు భాషను గురించిన నవ్వు కాదు. అతని ఊరిని, వాడను, కులాన్ని గురించిన నవ్వు. ఒకసారి ఆ నవ్వు పడ్డవాడు మళ్ళీ నోరు విప్పడు. స్పోకెన్ ఇంగ్లీషు వ్యాపారానికి ఆ భయమే పెట్టుబడి.

బోధనా మాధ్యమం మారిస్తే ఇదంతా చక్కబడుతుందని కొందరి ఆశ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో తన బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం కోసం ఉత్తర్వు ఇచ్చింది. 2020లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. తెలంగాణ 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టింది. ఈ వివాదంలో పేద తల్లిదండ్రుల ఆకాంక్షను తక్కువచేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే మాధ్యమం వేరు, పద్ధతి వేరు. సైన్సు పాఠాన్ని కూడా ఇంగ్లీషులో బట్టీపట్టిస్తే వల్లెవేత పెరుగుతుంది గాని మాట పెరగదు. పైగా సైన్సు కూడా పోతుంది. తెలుగులో ఆలోచించి తడుముకోకుండా చెప్పగలిగిన పిల్లవాడికి ఇంగ్లీషులో చెప్పటానికి ఒక విషయం వుంటుంది. రెండు భాషల్లోనూ మూగవాణ్ణి చేసిన చదువుకు ఏ మాధ్యమమైనా ఒకటే.

పరీక్ష మారకుండా తరగతి మారదన్నది మరో సత్యం. మార్కులన్నీ రాతకే వున్నప్పుడు వినటానికి, మాట్లాడటానికి ఏ ఉపాధ్యాయుడు పీరియడు కేటాయిస్తాడు? తెలంగాణ ఇంటర్మీడియట్‌లో 2023–24 నుంచి ఇంగ్లీషుకు కూడా ప్రయోగ పరీక్ష పెట్టి 20 మార్కులు కేటాయించారు. ఇది ఆహ్వానించదగ్గ అడుగే. కాని ఆ 20 మార్కులకూ గైడు వచ్చి, జవాబులు బట్టీపట్టించే పద్ధతి వస్తే మళ్ళీ వల్లెవేతే మిగులుతుంది. పరీక్షకు ముందు ఏడాది పొడుగునా ఆ పని తరగతిలో జరగాలి. దానికి తగినంతమంది ఉపాధ్యాయులు, వారికి శిక్షణ, చిన్న తరగతులు కావాలి. వీటికి డబ్బు ఖర్చవుతుంది. ఆ ఖర్చు ప్రభుత్వం పెట్టకపోతే ప్రతి కుటుంబం విడివిడిగా, అప్పుచేసి పెట్టుకోవలసి వస్తుంది.

రచయితలకు ఇందులో పనేమిటని అడగవచ్చు. జనం మాటను చెవిపెట్టి విన్న రచయితలే తెలుగు వచనాన్ని నిలబెట్టారు. వినటం ఒక విద్య అని వాళ్ళకు తెలుసు. ఆ విద్యను బడికి అందించటం కూడా వాళ్ళ పనే. సాహిత్య విద్యార్థులు నెలకొకసారి తమ ఊరి బడికి వెళ్ళి, మన కథనే సులువైన ఇంగ్లీషులో చెప్పి, పిల్లలు అడిగే ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పినా అది చిన్న సేవ కాదు. తెలిసిన కథ కనుక పిల్లవాడి చెవి భయపడదు. తనదైన కథ కనుక మధ్యలో అడ్డం తగిలి, అట్లా కాదు, ఇట్లా జరిగిందని చెప్పటానికి నోరు తెరుస్తాడు. ఆ వాక్యంలో ఎన్ని తప్పులున్నా ముందు దాన్ని చివరిదాకా వినాలి.